పువ్వుల నైటీ ఆవిడ

"మీ ఇంట్లో పాపకి పాలు పట్టే ఆవిడ ఎవరమ్మా?"

ఫోన్లో ఎదురింటి పిన్నిగారు అడగ్గానే, ల్యాబ్ స్టోర్ రూంలో అట్టపెట్టెల మధ్య కూర్చుని పాప కోసం పంపుతో చనుబాలు తీసుకుంటున్న ఆమె ఉలిక్కిపడింది.

"ఆవిడా? ఇంట్లో ఆయనా, పాపా తప్ప ఎవరూ ఉండరే!"

"నాకెందుకులే అనుకున్నాను గానీ మనసొప్పలేదు. బెడ్‌రూం కిటికీ దగ్గర అటు తిరిగి కూర్చుంటుంది. రోజూ చూస్తున్నా. నీ పువ్వుల నైటీయే వేసుకుంది. తలకి నీ స్కార్ఫే. మనిషి కాస్త పుష్టిగానే ఉందిలే."

ఆమెకు ఒళ్లు మండిపోయింది. వస్తున్న పాలు కాస్తా ఆగిపోయాయి.

కాన్పు తర్వాత తను మళ్లీ డ్యూటీలో చేరిన కొత్తలో పాప సీసా ముట్టేది కాదు. ఇంటి నుంచే ఆఫీసు పని చేసుకునే భర్త, "గుక్కపెట్టి ఏడుస్తోంది, వచ్చెయ్" అని ఫోన్లో గోల పెట్టేవాడు. ఉన్నట్టుండి ఒకరోజు, "బ్రహ్మాండంగా తాగేస్తోంది, నువ్వు నిశ్చింతగా పని చేసుకో" అన్నాడు. ఎలాగని అడిగితే నవ్వి మాట దాటేశాడు. అదన్నమాట సంగతి!

నిజం చెప్పాలంటే మొగుణ్ణి ఎగరేసుకుపోయినా ఆమె ఇంత కుళ్లుకునేది కాదేమో. తను ఇక్కడ చాటుగా కూర్చుని తీసిన పాలు, ఎవత్తి ఒళ్లోనో పడుకుని పాప చప్పరిస్తోందనే సరికి కడుపు రగిలిపోయింది. వెంటనే భర్తకు ఫోన్ చేసింది.

"ఏం చేస్తున్నారు?"

"పాలు పడుతున్నా," గుసగుసగా అన్నాడు.

"పక్కన ఎవరున్నారు?"

"ఎవరుంటారు? ఇప్పుడిప్పుడే సీసా అందుకుంటోంది, పెట్టేస్తున్నా."

పెట్టేశాడు కూడా!

బ్యాగు తీసుకుని బయటికి పరుగెత్తబోతే ల్యాబ్ ఇన్‌ఛార్జి అడ్డుపడింది. "శాంపిల్స్ అన్నీ అలాగే ఉన్నాయి, ఎక్కడికి?"

"ఇంటికి మేడం. ఇక్కడే ఉంటే ఎవరిదో ఒకరి రక్తం కళ్లజూసేలా ఉన్నాను."

పది నిమిషాల్లో ఇంటి ముందు ఆటో దిగి, తన దగ్గరున్న తాళంచెవితో చప్పుడు చెయ్యకుండా తలుపు తీసింది. హాల్లో మొగుడు లేడు. బెడ్‌రూంలో, కిటికీ పక్క కుర్చీలో, తన పువ్వుల నైటీ. దాని పక్కనుంచి హాయిగా ఊగుతున్న రెండు బుల్లి పాదాలు. తన పాప ఎవరి ఒళ్లోనో అంత సుఖంగా ఉండటం చూసి ఆమెకు ఏడుపు ముంచుకొచ్చింది. ఏడుపు వెనకే కోపం.

"ఎవత్తివే నువ్వు? సిగ్గులేదూ?"

ఒక్క ఉదుటున వెళ్లి స్కార్ఫ్ లాగేసింది.

మాసిన గడ్డంతో, బిక్కమొహంతో ఆమె మొగుడు వెనక్కి తిరిగాడు. "ష్... ముందు ఆ స్కార్ఫ్ ఇటివ్వు. నువ్వు విడిచిన బట్టలు వేసుకుని, నీ వాసన తగిలిస్తే తప్ప ఈ రాక్షసి చుక్క తాగట్లేదు!"