మేడ అంచున వీరుడు

"వీరుడు కదిలాడు."

మాస్టారు టీవీ ముందు వంగి నిలబడి, తనలో తను అనుకున్నట్టుగా అన్నారు. బడి నుంచి వచ్చి ఇంకా భుజం మీది సంచి కూడా దించలేదు.

"ఎవరు కదిలారు?" వంటింట్లోంచి భార్య అడిగింది.

"ఎవరూ లేరు. నీ పని చూసుకో."

"చెప్పులన్నా విప్పారా, తిన్నగా ఆ గదిలోకేనా?"

తెర మీద నాలుగే రంగుల నగరం. చదరపు కిటికీల మేడలు, వాటి మధ్య పాకే నల్లటి పొగ. అన్నిటికంటే ఎత్తైన మేడ మీద, మెడకు పసుపు తువ్వాలు చుట్టుకుని వీరుడు. నిన్నటిదాకా అతని కాలు సరిగ్గా మేడ అంచు మీద ఉండేది. ఇవాళ ఒక గడి లోపలికి ఉంది. ఆ అంచు మీద నిలబెట్టడం ఎంత కష్టమో మాస్టారికి తెలుసు.

సూపర్‌హీరోల వీడియో ఆటలు పుట్టిన కొత్తల్లో వచ్చిన క్యాసెట్ అది. కొడుకు పాత సామాన్ల కొట్లో వెతికి పట్టుకుని మురిసిపోయాడు.

"చూడు నాన్నా, గుప్పెడు గళ్లతో మనిషిని చేసేశారు. అయినా ఎగిరితే తువ్వాలు రెపరెపలాడుతుంది! ఇంకో గొప్ప ఉంది. ఇందులో ఎవరూ చచ్చిపోరు. పొగ తగిలితే కింద కూలబడతాడంతే. దారినపోయేవాళ్లు ఎవరైనా వచ్చి ముట్టుకుంటే మళ్లీ లేస్తాడు."

ఆ సాయంత్రం ఆట మధ్యలో లేచాడు. "ఆర్పెయ్యకు నాన్నా, వచ్చి ఆడతా," అని బండి తాళాలు తీసుకున్నాడు. రాలేదు.

ఆటను దాచుకునే వీల్లేని కాలపు యంత్రం. ఆర్పితే మళ్లీ మొదటికే. అందుకని టీవీ ఆర్పినా యంత్రాన్ని ఆర్పలేదు. దాని మీది ఎర్రదీపం వెలుగుతూనే ఉంది. కరెంటు పోయినా ఆగకుండా మాస్టారు దానికొక బ్యాటరీ తెచ్చి తగిలించారు. "ఉన్నట్టుండి ఇదెందుకండీ?" అని భార్య అడిగితే, "ముందుజాగ్రత్త," అన్నారు. సాయంత్రం కాసేపు టీవీ పెట్టుకుని చూసి ఆర్పేస్తారు. ఎవరూ ముట్టుకోకూడదని గట్టిగా చెప్పారు. ఎవరూ అంటే భార్య, అప్పుడప్పుడూ వచ్చే ఆమె తమ్ముడు.

అనుమానం ముందు తమ్ముడి మీదికే పోయింది. అతను టీవీలు బాగుచేస్తాడు. జేబులో స్క్రూడ్రైవర్ లేకుండా పెళ్లికి కూడా వెళ్లడు. ఆదివారం భోజనాల దగ్గర మాస్టారు మెల్లగా కదిపారు.

"ఈమధ్య నేను లేనప్పుడు వచ్చావట?"

ఊరికే వేసిన రాయి. బావమరిదికి ముద్ద గొంతుకు అడ్డం పడింది. అక్క గబుక్కున మంచినీళ్ల గ్లాసు జరిపింది.

"మిక్సీ చూడ్డానికొచ్చాడండీ."

"మిక్సీ బాగానే తిరుగుతోందిగా?"

"నేను బాగుచేశాను కాబట్టి తిరుగుతోంది బావా! అక్క ఇంట్లో కూలి ఎలాగూ ముట్టదు, పేరన్నా రానివ్వు." అతను నవ్వాడు కానీ ఆ నవ్వు నిలవలేదు. "బావా, ఒక మాట. ఆ పెట్టె ఇన్నాళ్లు వేడెక్కడం మంచిది కాదు. ఎప్పుడో ఒకప్పుడు..."

"నిన్నెవరు అడిగారు?"

అక్కాతమ్ముళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. మాస్టారి కంట పడకపోలేదు. ఇద్దరూ కూడబలుక్కున్నారు. ఆట పోతే ఈయన తేరుకుంటారని, కొడుకు గది ఖాళీ చేయిస్తారని వాళ్ల ఎత్తు అనిపించింది ఆయనకు.

మర్నాడు బడికి బయల్దేరే ముందు జాయ్‌స్టిక్ పిడి మీద సుద్దపొడి పలచగా చల్లారు.

సాయంత్రానికి పిడి తుడిచినట్టు మెరుస్తోంది. వీరుడు ఆ గడిలోనే ఉన్నాడు కానీ, ఈసారి మొహం ఎడమకు తిరిగి ఉంది. భార్య బొటనవేలికి గుడ్డపీలిక చుట్టి ఉంది.

"వేలికేమైంది?"

"కత్తి గీసుకుంది."

"కొంగుకు ఆ తెలుపేమిటి?"

"పిండి."

"ఇవాళ పిండితో ఏం చేశావు?"

ఆమె మొహం తిప్పుకుంది. "ఆ మధ్య మీ బొటనవేలికి కాయ కాస్తే నేనిలాగే నిలదీశానా?"

"అది సుద్దముక్క పట్టుకుని కాసింది."

బుధవారం తలనొప్పి అని చెప్పి ఆయన మధ్యాహ్నమే ఇంటికి వచ్చేశారు. గది తలుపు దగ్గరగా వేసి ఉంది. లోపల టక్ టక్‌మని జాయ్‌స్టిక్ చప్పుడు. తలుపు తోశారు.

భార్య నేల మీద బాసింపట్టు వేసుకుని, కింది పెదవి పంటితో నొక్కిపెట్టి ఆడుతోంది. ఆయన్ని చూసి ఉలిక్కిపడింది. వీరుడు పొగలో పడి, వీధిలోకి జారి కూలబడ్డాడు.

"నువ్వా?" అన్నారు మాస్టారు. "వాడి ఆటతోనా?"

"వాడి ఆట లేదండీ." ఆమె పిడి వదల్లేదు. "నేనే ఆర్పేశాను. ఊడుస్తుంటే చీపురు తగిలి వైరు ఊడొచ్చింది. తమ్ముణ్ణి పిలిస్తే ఆ పూటకు ఎలాగో మేడ మీదికి తెచ్చిపెట్టాడు. అంచు దాకా తమ్ముడి వల్ల కాలేదు. మీరు కనిపెడతారని రోజూ నేను... పడుతున్నాను, మళ్లీ ఎక్కుతున్నాను. ఆ ఒక్క గడి రావడం లేదు." కొంగుతో మొహం కప్పుకుంది. "అబ్బాయి చివరగా చెప్పిన మాట కూడా నిలబెట్టలేకపోయాను."

తెర మీద దారినపోయే మనిషి ఒకడు వచ్చి వీరుణ్ణి ముట్టుకున్నాడు. వీరుడు లేచాడు.

మాస్టారు సంచి దించి ఆమె పక్కన కూర్చున్నారు. చేతిలోంచి జాయ్‌స్టిక్ మెల్లగా తీసుకున్నారు.

"కంగారుపడి నొక్కకూడదు. పొగ పక్కకు తప్పుకునేదాకా ఆగాలి. దిగేముందు ఒక్క క్షణం చెయ్యి వదిలెయ్యాలి."

పసుపు తువ్వాలు రెపరెపలాడింది. వీరుడు మేడలన్నీ దాటి, ఆ ఎత్తైన మేడ మీద దిగాడు. కాలు సరిగ్గా అంచు మీద ఆనింది.

ఆమె కళ్లు తుడుచుకుని తెరను చూసింది, తర్వాత ఆయన బొటనవేలిని.

"మీకెప్పుడు వచ్చిందండీ ఇది?"

మాస్టారు బ్యాటరీ వైపు చూశారు.

దాన్ని ఆయన తెచ్చింది, కరెంటు పోయి కొడుకు ఆట ఆరిపోయిన మర్నాడు.