పిపెట్టులో చివరి చుక్క

లెక్చరరు జయరామయ్యగారు ప్రాక్టికల్ రికార్డు మీద సంతకం పెట్టకపోతే మాల్యాద్రి పీయూసీ పరీక్షకు కూర్చోలేడు. ఆ సంతకానికి ఇంక నాలుగు రోజులే గడువు.

కెమిస్ట్రీ ల్యాబులో అతని చరిత్ర అంత గొప్పగా లేదు. మొదటిరోజే పిపెట్టు అనే ఆ గాజు గొట్టంతో సోడా ద్రావణం పీల్చబోయి సగం మింగాడు. రెండోవారం బ్యూరెట్టు విరగ్గొట్టాడు. నెల్లూరు పిల్లలు విరగబడి నవ్వారు. వాళ్లకన్నా ఏడెనిమిదేళ్లు పెద్దవాడు, మీసాలవాడు. పల్లెటూళ్ల నుంచి ఆలస్యంగా చదువుకొచ్చేవాళ్లు ఆ రోజుల్లో మామూలే గనక అతని వయసును ఎవరూ పట్టించుకోలేదు. చేతకానితనాన్ని మాత్రం బాగా పట్టించుకున్నారు.

అలాగని చదువు రానివాడు కాదు. పిపెట్టు బొమ్మ కళ్లు మూసుకుని వేస్తాడు. ఆమ్లం, క్షారం, లవణం, ఏది అడిగినా ఒక్క అక్షరం పొల్లుపోకుండా చెబుతాడు. కాకపోతే తెలుగులో. ఇక్కడ పాఠమంతా ఇంగ్లీషులో గడగడా సాగిపోతుంటే, తెలిసిన సంగతి కూడా తెలియనట్టే ఉండేది.

మైపాడు అవతల, సముద్రం ఒడ్డున కొత్తగా పెట్టిన హైస్కూలు అతనిది. అక్కడ సైన్సు సామాను లేక కాదు. అద్దాల బీరువా నిండా ఉంది. దాని తాళంచెవి మాత్రం హెడ్మాష్టరు పద్మనాభయ్యగారి మొలతాడుకు ఉండేది. ఏటా ఇన్‌స్పెక్షను రోజున బీరువా తెరిచి, దుమ్ము దులిపి, వచ్చిన ఆఫీసరుకు చూపించి, మళ్లీ తాళం వేసేవారు.

"పాఠం నోటితో చెప్పుకోవచ్చు. పగిలిన గాజును నోటితో అతికిస్తారా?" అనేవారాయన. ఆ మాటకు ఎదురు చెప్పే ధైర్యం ఎవరికుంది!

అందుకని ఆ స్కూల్లో పిపెట్టంటే బొప్పాయి కాడ. చెంబులో నీళ్లు కాడతో పీల్చడం, పైన వేలు మూయడం, గ్లాసులోకి వదలడం. చివర మిగిలిన చుక్కను ఉఫ్‌మని ఊదడం. పిల్లలకు అదొక సరదా. ఎస్సెస్సెల్సీ సైన్సులో ఒక్కరూ తప్పలేదని ఆ స్కూలుకు పేరు కూడా వచ్చింది.

మూలాపేటలో మాల్యాద్రి అద్దెకున్న గదిలోనే జయకుమార్ కూడా ఉండేవాడు. అదే స్కూలు నుంచి వచ్చాడు, ఇక్కడ ఇద్దరిదీ ఒకే క్లాసు. పదహారేళ్లవాడు, మహా మొహమాటస్తుడు. మాల్యాద్రి ఎదురుగా మంచం మీద కూర్చునేవాడు కాదు. "అన్నా" అని పిలవడానికి కూడా ఒక్క క్షణం తడుముకునేవాడు.

"నేను ఇంటికి పోతానబ్బాయ్," అన్నాడు మాల్యాద్రి ఆ సాయంత్రం. "ఇది నాకు వచ్చే చదువు కాదు."

"అట్టనబాకండన్నా. మీరే పోతే మనూర్నించి ఇంకెవురొస్తారు?"

"వచ్చి ఏం చేస్తారు? నాలాగే నవ్వులపాలవుతారు. పరీక్ష తప్పి పోతే ఊళ్లో పిల్లోళ్ల మొహం ఎట్ట చూడాల?"

ల్యాబులో జయకుమార్ పనీ అంతంతమాత్రమే.

గడువు రోజు రానే వచ్చింది. జయరామయ్యగారు ఇద్దరినీ తన బల్ల దగ్గరికి పిలిచి ప్రయోగం చేయించారు. మూడుసార్లు చేశారు. మూడుసార్లూ లెక్క తప్పింది. నాలుగోసారి ఆయన కాగితం పక్కన పెట్టి వాళ్ల చేతుల వైపే చూశారు.

"ఆగండి. ఆ చివరి చుక్కను ఎందుకు ఊదినారు?"

ఇద్దరూ పిపెట్లు బల్ల మీద పెట్టేశారు.

"చివర మిగిలే చుక్కను వదిలెయ్యాల. దాన్ని మినహాయించే గొట్టం మీద గీత పెట్టుంటారు. మీ ఇద్దరిదీ ఒకే స్కూలా?"

"అవును సార్, మైపాడు అవతల హైస్కూలు," అన్నాడు జయకుమార్.

"అదీ సంగతి. ఒకడు ఊదితే పొరపాటు. ఇద్దరూ ఒకే మాదిరి ఊదితే అది ఎవరో నేర్పిన తప్పు. పోయినేడు వచ్చిన మీ ఊరి పిల్లోడూ ఇట్టే ఊది, పరీక్ష తప్పి పోయినాడు." ఆయన గొంతు పెరిగింది. "ఎవరయ్యా మీ సైన్సు మాష్టరు? పేరు చెప్పండి, ఈ పొద్దే డీఈఓ గారికి రాస్తా. అట్టాంటోడు బడిలో ఉండకూడదు."

ల్యాబంతా చేతిలో పని ఆపేసి ఇటే చూస్తోంది. మాల్యాద్రి మొహం పాలిపోయింది. ఏదో చెప్పబోయి నోరు తెరిచాడు.

అంతలో జయకుమార్ ముందుకొచ్చాడు. పెద్దవాళ్ల ముందు నోరెత్తని వాడు ఒక్క గుక్కలో అనేశాడు.

"మా స్కూల్లో సైన్సు మాష్టరే లేడు సార్. మాకు మేమే చదువుకున్నాం."

జయరామయ్యగారి కోపం చప్పున దిగిపోయింది. "మాష్టరు లేకుండానే ఇంత దూరం వచ్చినారా!" అంటూ ఇద్దరినీ జాలిగా చూశారు. తనే పిపెట్టు పట్టుకుని, ఎలా పీల్చాలో, ఎక్కడ ఆపాలో దగ్గరుండి చూపించారు. ఈసారి లెక్క కుదిరింది. రెండు రికార్డుల మీదా సంతకాలు పడ్డాయి.

మాల్యాద్రి కళ్లల్లో నీళ్లు తిరిగాయి. పరీక్షకు కూర్చునే అవకాశం దక్కిన సంతోషమని నెల్లూరు పిల్లలు అనుకున్నారు.

జీతం లేని సెలవు పెట్టి ఈ కాలేజీలో చేరకముందు, డిగ్రీ చదివిన మాష్టరెవరూ ఆ ఊరికి రాకపోవడంతో, ఫోర్తు ఫారం నుంచి ఎస్సెస్సెల్సీ దాకా మూడేళ్లపాటు జయకుమార్‌కు సైన్సు చెప్పింది మాల్యాద్రే.