నాలుగు వేళ్ళ గుర్రం

మ్యూజియంలో అందరూ నవ్వాపుకోలేక చస్తున్నారు. టికెట్ల అమ్మాయి ఏదో పడిపోయినట్టు కౌంటరు కిందికి వంగింది. కాపలాదారు గోడవైపు తిరిగి దగ్గుతున్నాడు.

గుర్రాల వంశమంతా ఐదు బొమ్మలై హాల్లో వరసగా నిలబడింది. చివరిది నిలువెత్తు గుర్రం, కాలికి ఒక్కటే గిట్ట. మొదటిది ఐదున్నర కోట్ల ఏళ్ళ కిందటి దాని పూర్వీకుడు. నక్కంత ఉంటుంది, ముందుకాళ్ళకు నాలుగేసి వేళ్ళు. నడుమ మూడింటికీ వేళ్ళు తగ్గుతూ, ఒళ్ళు పెరుగుతూ వచ్చింది.

అంతా బాగానే ఉంది. ఆ మొదటి గుర్రం మొహమే అచ్చం డైరెక్టర్ గారిది. వాలిన రెప్పలు, సాగిన గడ్డం, ఇంట్లో అలిగి వచ్చినట్టుండే ఆ కింది పెదవి.

పదింటికి ప్రారంభం. పత్రికలవాళ్ళొస్తున్నారు. తొమ్మిదింటికి డైరెక్టర్ గారు వచ్చి బొమ్మ ముందు ఆగిపోయారు.

"ఏంటిది మేస్త్రిగారూ?"

బొమ్మల మేస్త్రి తీరిగ్గా బ్రష్షు కడుక్కుంటున్నాడు. ప్లాస్టరు దుమ్ము పడదని నెలరోజులుగా ముక్కుకూ మూతికీ గుడ్డ కట్టుకునే పనిచేశాడు. పైన సోడాబుడ్డి కళ్ళద్దాలు. పిలిపించింది డైరెక్టర్ గారే. 'మీ పని మీరు చూసుకోండి, ఇక్కడెవరితోనూ ముచ్చట్లొద్దు' అని మొదటిరోజే గట్టిగా చెప్పారు.

"గుర్రమండీ."

"మొహం సంగతి అడుగుతున్నాను."

"ఎముకలైతే దొరికాయి గానీ, మొహం చూసినవాళ్ళెవరున్నారండీ? కళ రావాలంటే ఎవరిదో ఒకరిది చూసుకోక తప్పదు."

"దానికి నా మొహమే దొరికిందా? రేపు పేపర్లో నేనూ ఇదీ పక్కపక్కన పడితే ఇక ఈ ఆఫీసులో నా మాట ఎవడు వింటాడు? పదిలోపు మార్చండి. లేదంటే సుత్తి తెప్పిస్తాను."

కాపలాదారు దగ్గు ఆగిపోయింది. ముసలాయన నెల కష్టం మట్టిపాలవుతుందని అతనికి నిజంగానే బాధేసింది.

టికెట్ల అమ్మాయికి ఉండబట్టలేదు. "కావాలని చేసుండరు సార్."

"సుత్తి!" అన్నారు డైరెక్టర్ గారు.

మేస్త్రి బ్రష్షు పక్కన పెట్టాడు. బల్లమీది చిన్న అద్దం తెచ్చి డైరెక్టర్ గారి చేతిలో ఉంచాడు. కళ్ళద్దాలు తీసి, మూతికున్న గుడ్డ నెమ్మదిగా విప్పాడు.

"నీ మొహం కాదురా అబ్బాయ్, అద్దంలో నా మొహం చూసుకుంటూ చేశాను, నాకు పుట్టినందుకు అదే నీకూ వచ్చింది, నేనేం చెయ్యను!"