ఐదు కమ్మీల కప్పు

శనివారం ఉదయం తొమ్మిదీ పదికి కారు లోపల పైకప్పుకు బిగించే గుడ్డ ఊడి ఫిట్టరు నెత్తిన పడింది.

ఆయన కదల్లేదు. ముసుగులోంచే అడిగాడు.

"ఎన్ని కమ్మీలు ఊడాయి?"

"ఐదూ," అంది టీచరు. ఆవిడ కారు పక్కన స్టూలు మీద నిలబడి గుడ్డ అంచు రెండు చేతులా పట్టుకుని ఉంది. "గట్టిగా లాగారు."

"నేను లాగలేదు. నువ్వు వదిలావు."

"వదిలితే ఈ అంచు నా చేతిలో ఎందుకుంటుంది?"

ఆవిడతో వాదించి గెలిచిన రోజు ఆయనకు గుర్తులేదు.

ఆయన ఫ్యాక్టరీలో ఫిట్టరుగా చేసి రిటైరయ్యాడు. ఆవిడ బడిలో కుట్టుపని నేర్పుతుంది. కారుకి నలభై రెండేళ్ళు. ఇంజను పని ఆయన నిరుడే ముగించాడు. లోపలి పని ఇద్దరూ ఆరు వారాలుగా ఇంటి వెనక షెడ్డులో చేస్తున్నారు. సీట్లు అయ్యాయి, తలుపుల లోపలి అట్టలు అయ్యాయి, కింద పరిచే జంబుఖానా అయింది. మిగిలింది కప్పు. ఆ రంగు గుడ్డ కొట్లో ఒక్క ముక్కే దొరికింది. నేసే మిల్లు మూతపడింది.

ముప్ఫై ఏళ్ళ కిందట పుట్టిన కూతుర్ని ఆసుపత్రి నుంచి తెచ్చుకున్నది ఈ కారులోనే. ఇప్పుడు ఆ కూతురికి ఆడపిల్ల పుట్టింది. రేపు పదకొండింటికి ఇంటికి పంపిస్తామన్నారు. నేనొచ్చిన కారులోనే నా బిడ్డా రావాలి, మీరిద్దరే వచ్చి తీసుకురావాలి అని అమ్మాయి పట్టుబట్టి కూర్చుంది.

ఆయన ముసుగు తీసుకుని బయటికి వచ్చాడు. జిగురింకా రాయలేదు కాబట్టి బతికిపోయారు. రాశాక పీకితే గుడ్డ చిరుగుతుంది.

టీచరు గుడ్డను బల్ల మీద బోర్లా పరిచింది. వెనక వైపు గొట్టాల్లా కుట్టిన ఐదు పట్టీలున్నాయి. ఒక్కోదాంట్లో ఒక్కో ఇనప కమ్మీ దూర్చి కప్పుకు తగిలించాలి. ఏ రెండు కమ్మీలూ ఒకే పొడవు ఉండవు. అందుకే సుద్దతో అంకెలు వేసుకున్నారు, ఆయన కమ్మీల మీద, ఆవిడ గుడ్డ మీద. ఆ అంకెల ప్రకారమే, ఏ కమ్మీ పొడవుకు తగ్గట్టు ఆ పట్టీ ఆవిడ కుట్టింది.

"మీ ఒకటో కమ్మీ ఎక్కడిది?" అంది ఆవిడ.

"ముందద్దం దగ్గరిది. ఎవరైనా ముందు నుంచే కదా లెక్కపెడతారు."

ఆవిడ కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టింది.

"నేను వెనక నుంచి పెట్టాను."

"వెనక నుంచా! ఎందుకు?"

"కత్తిరించడం అక్కడే మొదలుపెట్టాను కాబట్టి. మీరు చెప్పలేదు."

"నువ్వు అడగలేదు."

ఈ రెండు మాటలూ ఆ ఇంటి గోడలకు అలవాటే. ఆయన పెయింటు డబ్బా మీద కూలబడ్డాడు. నడుము పట్టేసింది.

"ఐదూ విప్పి కుట్టాలంటే సాయంత్రమైనా అవదు," అన్నాడు.

"నాలుగే. మూడోది ఎటునుంచి లెక్కపెట్టినా మూడోదే."

"పోనీ, ఒక్కదాని దగ్గరైనా కలిశాం."

ఆవిడ నవ్వలేదు. నవ్వే ఓపిక లేదు. బ్లేడుతో కుట్లు విప్పడం మొదలుపెట్టింది. పాత సూది బెజ్జాల్లోంచే మళ్ళీ కుట్టాలి, లేకపోతే కింద కూర్చున్నవాళ్ళకి కనబడతాయి. ఆయన ఒక్కో బెజ్జం దగ్గర టార్చి పట్టాడు. రెండుసార్లు వెలుగు పక్కకు జరిగింది. ఆవిడ టార్చిని సరిచేసింది.

పన్నెండింటికి ఆయన టీ చేసి తెచ్చాడు.

"చక్కెర వేశారా?"

"రెండు చెంచాలు. ఎప్పటిలాగే."

"నేను మానేసి చాలా రోజులైంది."

"నాకెవరు చెప్పారు?"

"ఇప్పుడు చెప్పానుగా."

రెండు గ్లాసులూ ఆయనే తాగాడు.

రెండింటికి అమ్మాయి ఫోను చేసింది. ఆయన చేతులకు మసి ఉండడంతో స్పీకర్లో పెట్టాడు.

"నాన్నా, అమ్మ అక్కడే ఉందా? కొట్టుకుంటున్నారా?"

"తీరికేదమ్మా!"

"ఒక్కరే వస్తే నేను కారెక్కను. టాక్సీలో వెళ్ళిపోతా. ముందే చెప్తున్నా."

"అబ్బబ్బ, వస్తున్నామే తల్లీ," అంది టీచరు దారం పళ్ళతో తెంపుతూ. "పాపకి పాలు పట్టావా? ముందు ఆ సంగతి చూసుకో."

నాలుగున్నరకు మళ్ళీ కమ్మీలు తగిలించారు. ఈసారి నిలిచాయి. ఆయన అంచులకు జిగురు రాశాడు. ఆవిడ ఆ తలుపు దగ్గర, ఆయన ఈ తలుపు దగ్గర నిలబడ్డారు.

"మూడు అనగానే లాగాలి," అన్నాడు.

"మూడు అన్నాకా, అంటుండగానా?"

ఆయన ఆగాడు. ఉదయం ఇది అడిగి ఉంటే గుడ్డ నెత్తిన పడేది కాదు.

"అంటుండగా."

లాగారు. గుడ్డ బిగిసింది. అంచుల వెంబడి బట్టల క్లిప్పులు పెట్టుకుంటూ వెళ్ళారు. వెనకద్దం మీద ఒక ముడత మిగిలింది. ఆవిడ తడిగుడ్డ అడ్డుపెట్టి ఇస్త్రీపెట్టె దూరంగా ఆడించింది. ఆవిరి పోయేసరికి ముడతా పోయింది.

ఆయన వెనక సీట్లో వెల్లకిలా పడుకుని కప్పు ఆ చివర నుంచి ఈ చివరిదాకా చూశాడు.

"ఎలా ఉంది?" అంది ఆవిడ.

"లేవబుద్ధి కావట్లేదు."

"అది నడుము నొప్పి."

"రేపు పదిన్నరకి బయల్దేరదాం. నువ్వు ముందు కూర్చో. వెనక వాళ్ళిద్దరికీ వదిలేద్దాం."

"కూర్చుంటా. దారి మాత్రం నేను చెప్పను. మొన్నటిలా విసుక్కుంటారు."

"చెప్పకపోతే నాకు తోచదు," అన్నాడు.

ఆవిడ చేతులు కడుక్కుని, బట్టలకు అంటిన దారప్పోగులు ఒక్కొక్కటే ఏరింది. కత్తెరా టేపూ సంచీలో వేసుకుంది. ఆయన ఇంకా సీట్లోనే ఉన్నాడు.

ఆరుంబావుకి గేటు బయట టీచరు ఇప్పటి భర్త స్కూటరు హారన్ మోగించాడు.