మంత్రి నోరు మూయించిన ఎంపీ

పార్లమెంటు నియమాలు స్పీకర్‌కన్నా మన ఎంపీ గంగాధరప్పకే ఎక్కువ తెలుసంటూ పెనుకొండలో సన్మానం చేశారు. ముప్పై ఏళ్లుగా ఆయన పార్లమెంటులో సాధించింది అదే మరి!

బోరెండి శెనక్కాయ చేను మాడిపోతున్న సన్నక్క వేదిక ముందుకొచ్చింది.

"ఏమప్పా, మా చెరువు నీళ్ల గురించి ఆడ మాట్లాడినావా?"

"మాట్లాడేదేందమ్మా! మొన్న మంత్రి ఏదో ప్రకటించబోతే, ప్రశ్నల సమయంలో ప్రకటనలు చెల్లవని లేచి అడ్డం పడినా. స్పీకర్ నా మాటే ఖాయం చేసినాడు. మంత్రి నోరు మూసుకొని కూచున్నాడు!"

చప్పట్లు మోగాయి. కొట్టిన వాళ్లలో బిందెలు మోసేవాళ్లే ఎక్కువ.

"సరేలేప్పా, ఇంతకీ ఆ మంత్రి ఏం చెప్పబోయినాడు?"

"మీ చెరువుకు నీళ్లిస్తామని. అయితే మాత్రం, పద్ధతంటూ ఒకటుండొద్దామ్మా?"