పదో రోజు స్నానం

“పదో రోజు దాకా ఒంటిమీద నీటిచుక్క పడకూడదు. పడిందంటే చీముపట్టి చస్తుంది” అంది సంపూర్ణమ్మ.

కోడలు జగదాంబ ఒళ్ళో గండుపిల్లి వణికిపోతోంది. కోత కోసిన మంగలి రాముడు నూతి దగ్గర కత్తి కడుక్కుంటున్నాడు. కోడెలకీ మేకపోతులకీ ఈ కోత ఉంటుందని పెనుగొండలో అందరికీ తెలుసు. పిల్లికి కూడా ఈ వైభోగం పట్టడం ఎవరూ వినలేదు. కానీ ఆ పిల్లి వారాల తరబడి ఊరిమీద పడి తిరిగేది. తిరిగొచ్చాక కొట్లో బియ్యం బస్తాలన్నీ తడిపేది. కంపు కొట్టే బియ్యం ఎవరు కొంటారు? “కోయిస్తే ఇంటిపట్టున పడి ఉంటుంది” అని ఉపాయం చెప్పింది సంపూర్ణమ్మే.

రాముడు ఉన్నంతసేపూ ఆవిడ పెరట్లోంచి కదల్లేదు. వాడు అరవై దాటిన మాటకారి. “చిన్నమ్మగోరూ...” అని నోరు తెరవబోతే, “వచ్చిన పని చూసుకుని వెళ్ళు” అని కసిరింది.

పిల్లిని సాకడం జగదాంబ మీద పడింది. ఆ ఇంట్లో ఏది పడినా ఆమె మీదే పడేది. ఎనిమిదో ఏట పెళ్ళయింది, ఇప్పుడు ఇరవై రెండేళ్ళు. కడుపు పండలేదు. చేయని నోము లేదు, మొక్కని దేవుడు లేడు. మొగుడు జోగేశ్వరరావు పల్లెత్తు మాట అనే మనిషి కాడు. నున్నటి మొహం, మెత్తటి గొంతు, అచ్చం తల్లి పోలిక. దొంగల భయమని రోజూ కొట్లోనే పడక. “మొగుణ్ణి గదికి రప్పించుకోవడం చేతకాని దానికి పిల్లలెలా పుడతారే” అనేది అత్తగారు. తనలోనే ఏదో లోపం ఉంది కాబోలని జగదాంబ తల దించుకునేది.

చూసి చూసి రెండో సంబంధం కుదిర్చారు. నిడదవోలు పిల్ల, పదేళ్ళు. ఆడపిల్లవాళ్ళు పదిరోజుల్లో పడవ మీద వస్తున్నారు. మొదటి భార్య “లోపం నాదే” అని నోరారా చెప్పి, తన చేత్తో తాంబూలం ఇస్తేనే వాళ్ళు పిల్లనిస్తారట.

“నేను ఇవ్వనంటేనో, అత్తయ్యా?” అంది జగదాంబ, ఉన్న ధైర్యమంతా కూడగట్టుకుని.

“పుట్టింటికి వెళ్దువుగాని. ఎవరున్నారే అక్కడ?”

ఎవరూ లేరు. అమ్మా నాన్నా ఒకే ఏడాది విషజ్వరానికి పోయారు. జగదాంబ మళ్ళీ ఆ మాట ఎత్తలేదు.

రెండో రోజుకే పిల్లి ఒళ్ళంతా పాడు చేసుకుంది. కడగడానికి లేదు, వదిలేస్తే ఈగలు. జగదాంబ అత్తగారినే అడిగింది. “వేయించిన తవుడు చల్లి దువ్వు. మురికి దానికే అంటుకుని వచ్చేస్తుంది” అంది అత్తగారు. నిజంగానే వచ్చేసింది.

ఆరో రోజున పిల్లి పుండు నాక్కోవడానికి గింజుకుంది. “మానే పుండుకి దురద ఎక్కువ. గోక్కోనివ్వకు. చేతులు రెండూ మెత్తటి గుడ్డతో మంచానికి కట్టు” అంది అత్తగారు.

పిల్లికి చేతులేమిటో, దాన్ని మంచానికి కట్టడమేమిటో! జగదాంబకి ఇన్నాళ్ళకి నవ్వొచ్చింది. తాటాకు చుట్టి దాని మెడకి పట్టీలా కట్టింది.

“ఇవన్నీ మీకెలా తెలుసు అత్తయ్యా?”

“ముసలిదాన్ని. తెలియకేం” అని సంపూర్ణమ్మ లేచి వెళ్ళిపోయింది.

పిల్లి తాటాకు పట్టీలోంచి జగదాంబ మొహంలోకి చూసింది. “ఏం చేయాలన్నా మనల్ని ఎవరూ అడగరే” అంది ఆమె దానితో. అని, దాని వీపు మీద తల ఆనించి ఏడ్చింది.

పదో రోజు పొద్దున్నే నిడదవోలు పడవ రేవుకొచ్చింది. చావడి నిండా చుట్టాలు. సంపూర్ణమ్మ వాళ్ళకి మర్యాదలు చేస్తూ ఇవతలికి రాలేకపోయింది. పెరట్లో జగదాంబ వేపాకు వేసి మరిగించి చల్లార్చిన నీళ్ళతో పిల్లికి స్నానం చేయించింది. అత్తగారు చెప్పినట్టే నడుం మీదుగా పోసింది. మానిన చోట రుద్దలేదు. పాత పంచె ముక్కతో ఒత్తి, సాంబ్రాణి పొగ పట్టి, దువ్వింది. పిల్లి నిగనిగలాడింది. ఇప్పుడది ఎటూ పోదు, ఎత్తుకుంటే పెనుగులాడదు, వదిలితే అక్కడే పడుకుంటుంది.

దొడ్డిదారిన రాముడు వచ్చాడు. పిల్లిని వెల్లకిలా తిప్పి చూశాడు. “మచ్చ కూడా పడలేదమ్మా. చేయి తిరిగిన పని.”

“జగదాంబా, తాంబూలం పళ్ళెం తీసుకురా” చావడిలోంచి అత్తగారి గొంతు.

జగదాంబ చేతులు తుడుచుకుని పళ్ళెం అందుకుంది. చావడి వైపు అడుగు వేయబోయి, రాముడి వైపు తిరిగింది.

“నా పనితనం ఏముంది రాముడూ. అంతా అత్తయ్య చెప్పినట్టు చేశాను. ఆవిడకి ఇవన్నీ ఎలా తెలుసో గానీ.”

ఇంటి ఇల్లాలికి తెలియనిదేముంటుందన్నట్టు రాముడు బోసినోటితో నవ్వాడు.

“ఆవిడకి తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తాదమ్మా, జోగేశ్వరరావుగోరు తొమ్మిదో ఏట బండిచక్రం కింద పడితే, పేణం దక్కాలని నేను ఇదే కోత కోసినప్పుడు, చేతులు మంచానికి కట్టి పదిరోజులూ కంటికి రెప్పలా కాసుకుని, పదో రోజు వేపాకు నీళ్ళు పోసింది ఆవిడే కదా.”