వాగు పక్కన ఎర్ర గుర్తు

మా తమ్ముడు మురారి కంప్యూటర్‌లో శాటిలైట్ మ్యాప్ తెరిచి, అమెరికాలో మేముండే అల్ఫారెట్టాకి గంట దూరంలోని అడవిలో వాగు పక్కన ఎర్ర గుర్తు పెట్టాడు. కార్తీక వనభోజనాలకేమో అనుకున్నాను.

చోటు చూసి వద్దామని శనివారం పొద్దున్నే ఒక్కదాన్నే వెళ్లాను. గోధుమరంగు శాలువా కప్పుకుని, పొయ్యికి రాళ్లు ఏరుతూ పొదల్లో వంగాను.

చెట్టు మీద టక్కుమని చప్పుడైంది. తలెత్తాను. కొమ్మల్లోంచి తుపాకీ గొట్టం నా వైపే ఉంది. ఏరిన రాళ్లు వదిలేసి రెండు చేతులూ పైకెత్తాను.

"అక్కా! నువ్వా!"

మురారి చెట్టు దిగాడు. దూరం నుంచే మనిషని తెలిసేలా వేటగాళ్లు వేసుకునే నారింజరంగు కోటులో ఉన్నాడు.

"జింక అనుకున్నానక్కా. వేటకని చెప్తే తిడతావని దాచాను."

"తిట్టేదాన్నేరా. తిట్టి, నేనూ ఆ రంగు చీరే కట్టుకొచ్చేదాన్ని."